గజ్జెలు ఉన్నాయా, లేవా

మా పాటల గ్రూపులో నన్ను జడ్జి సాబ్ అంటారు. అందులో సగం గౌరవం, సగం వెటకారం. వెటకారమే కాస్త ఎక్కువని నాకు తెలుసు, అయినా ఆ పిలుపంటే నాకిష్టం. సూరత్‌లో ముప్పై నాలుగేళ్ళుగా సాంచాలు నడుపుతున్న మనిషిని కార్ఖానాలో ఎవరూ సాబ్ అనరు. సాంచా అంటే మా వైపు కరెంటుతో నడిచే మగ్గం. పన్నెండు సాంచాల మధ్య పన్నెండు గంటలు తిరిగి ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని ఫోన్ తెరిస్తే, నూటికి పైగా మనుషులు నా మాట కోసం ఎదురు చూస్తూ ఉండేవాళ్ళు. అలా ఎదురు చూస్తున్నారని నేననుకునేవాణ్ణి.

ఆ గ్రూపు ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో బతుకుతూ, పాటల పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. సాంచాల వాళ్ళు, పాండేసర రంగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, చీరల దుకాణాల్లో ఉండేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, ఇంట్లో కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళు. పద్ధతి ఏమిటంటే వారానికొకరు ఒక పాట పెట్టాలి. అందరూ విని అభిప్రాయం చెప్పాలి. మా కార్ఖానాకు సెలవున్న రోజు పొద్దున నేను తీర్పు రాస్తాను. పాటలో ఏముంది, ఏం లేదు, పదికి ఎన్ని మార్కులు అని.

పద్ధతి అదీ, నడిచేది మాత్రం వేరు. నాలుగున్నర నిమిషాల పాట పెడితే పది సెకన్లలో బొటనవేలు బొమ్మ వచ్చి పడుతుంది. ఒకామె బతుకమ్మ పాట పెడుతుంది. అది సగం వినకముందే ఇంకొకడు గర్బా డీజే పెడతాడు. దాని కింద మరొకాయన గజల్ ఒకటి పెట్టి, ఇది విన్న తర్వాత మీ అందరి బతుకులు మారిపోతాయని రాస్తాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు మూడు భాషలు కలిపి గబగబా మాట్లాడినట్టుండే పాటలు పంపుతారు. అది పాటా, బస్టాండులో అనౌన్స్‌మెంటా అని నేనడిగితే పడీపడీ నవ్వే బొమ్మలు పెడతారు. ఈ మధ్యలో పొద్దున్నే గులాబీ పువ్వులతో శుభోదయాలు. ఒక్కడంటే ఒక్కడు కుదురుగా కూర్చుని ఒక పాటను మొదటి నుంచి చివరి వరకు వినడు. ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. నా బీపీ పెరగడానికి కార్ఖానా ఓనరు సేఠ్ కంటే ఆ గ్రూపే ఎక్కువ కారణమని మా ఆవిడ అంటుంది.

కొత్త పాటల మీద నా ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. దబదబ కొట్టుడు తప్ప లోపల సన్నపని ఉండదు. పాత పాటలో ఎక్కడో మూలన ఒక తీగ పలుకుతుంది, ఒక పిల్లనగ్రోవి అలా వచ్చి ఇలా పోతుంది. కొత్తవాటిలో అవేవీ లేవు, అంతా మోటు. ఏడెనిమిదేళ్ళుగా ఈ మాటే తిప్పి తిప్పి రాశాను. పదికి మూడు, పదికి నాలుగు. ఐదు దాటిన కొత్త పాట ఒక్కటీ లేదు.

ఇలా ఉండగా పోయిన దసరాకు ముందు ఒక సేల్స్‌మన్ వంతు వచ్చింది. సలాబత్‌పురాలో చీరల దుకాణంలో పరుపు మీద కూర్చుని గిరాకీలకు చీరలు విప్పి చూపించే పని అతనిది. ముప్పై ఏళ్ళుంటాయేమో. శనివారం భజనలో హార్మోనియం వాయిస్తాడు, రాగాల పేర్లు చెప్తాడు. ఆ పేర్లు చెప్పడమే నాకు పడదు. అతను ఎప్పుడూ నాతో మర్యాదగానే మాట్లాడాడు, అదీ పడదు. అతను ఆ వారం ఒక పాత సినిమా పాట పెట్టాడు. ఏ పాటో ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ తగువు మొదలవుతుంది.

ఆ పాట నాది. ఇంకోలా చెప్పడం నాకు రాదు. సూరత్‌కు రాకముందు, పదిహేడేళ్ళ వయసులో, బస్టాండు పక్కనున్న చాయ్ హోటల్లో టేప్‌రికార్డర్‌లో విన్నాను. ఒక్క చాయ్ తీసుకుని దాన్ని పాట అయ్యేదాకా తాగేవాణ్ణి. మొదటి చరణం అయిపోయాక వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పాడే ఆమె కూడా ఆగుతుంది. గజ్జెలు మాత్రం మోగుతాయి. ఎవరో ఆడమనిషి దూరం నుంచి నడిచి వచ్చి, మన దగ్గరికి వచ్చి, నిలబడినట్టు. ఐదారు సెకన్లకంటే ఉండదు. తర్వాత రెండో చరణం ఎత్తుకుంటుంది. ఆ ఐదారు సెకన్ల కోసమే నేను రోజూ ఆ హోటల్‌కు వెళ్ళేవాణ్ణి. ఆ నడిచి వచ్చి నిలబడే సంగతి నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మగపిల్లాడు చెప్పుకునే మాట కాదనిపించేది, తర్వాత అడిగినవాళ్ళు లేరు. ఆ ఏడాదే సూరత్ వచ్చి సాంచాల మీద ఎక్కాను. పాట ఉన్న క్యాసెట్ ఒకటి చాలా రోజులుండేది, ఏళ్ళ క్రితం తెగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ వినలేదు.

సేల్స్‌మన్ పంపిన పాటను చాయ్ ముందు పెట్టుకుని, ఫ్యాన్ ఆపి, తలుపు మూసి విన్నాను. మొదటి చరణం అయింది. వాయిద్యాలు ఆగాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ. ఐదారు సెకన్లు ఉత్త ఖాళీ, మళ్ళీ రెండో చరణం.

నా ఒళ్ళు మండిపోయింది. పాత పాటలను శుభ్రం చేస్తున్నామంటూ ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళు దుమ్ముతో పాటు ప్రాణం కూడా ఊడ్చేస్తారని నాకు ముందే అనుమానం. వెంటనే రాశాను.

“పాట పెట్టేముందు మొత్తం ఉన్నదా లేదా చూస్కోవా? రెండో చరణం ముంగట గజ్జెలు కోసి పారేసిండ్రు. అసలు పాట పెట్టు.”

అతని జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. “గజ్జెలు ఉన్నయన్నా. జర మల్ల ఒక్కసారి ఇనుండ్రి.”

మళ్ళీ విన్నాను. లేవు. అదే మాట రాశాను. ఉన్నాయన్నాడు. ఈసారి పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. నువ్వు పుట్టకముందే ఈ పాట నాకు కంఠతా వచ్చు అని రాశాను. పుట్టకముందు సంగతి నాకు తెల్వదన్నా, ఇప్పుడైతే ఇనబడ్తున్నయి అని రాశాడు. గ్రూపంతా నిద్ర లేచింది. ఎన్నడూ నోరు విప్పనివాళ్ళు కూడా వచ్చి ఉన్నాయని ఒకరు, లేవని ఒకరు. ఆ వారం గులాబీ పువ్వులు కూడా రాలేదు.

మర్నాడు కార్ఖానాలో నా పాత దోస్తుకు వినిపించాను. నాకంటే ఆరేళ్ళు పెద్ద, కోసాడ్ క్వార్టర్లలో ఉంటాడు, నేను సూరత్ వచ్చిన మొదటి రోజు నాకు దారం ముడి వేయడం నేర్పినవాడు. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. సాంచాలు నడుస్తున్నప్పుడు మేం గొంతుతో మాట్లాడుకోం. పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటాం. చాయ్ కోసం బయటికి వెళ్ళినప్పుడు ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. లోపలికి వచ్చాక ఆ చివరి సాంచా దగ్గర నుంచి నావైపు తిరిగి, రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించాడు. కోసేశారు అని. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆ సాయంత్రం ఆయన గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపాడు. “ఓ సేల్స్‌మన్ తమ్మీ, మాకు నేర్పకు. పన్నెండు సాంచాలు ఒక్కసారి కొడుతుంటే అండ్ల ఒక్కటి జర తప్పుగ కొట్టినా, ఎనుకకు తిరగకుంటనే అది ఎన్నో నంబరో చెప్తం. గసొంటి చెవులు మావి. చీరెలు మడత పెట్టే చెవులు కావు.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మంచి సాంచాలాయన కళ్ళు మూసుకుని కూడా చెప్తాడు, మూడో నంబరు దెబ్బ మారింది, పోయి చూడు అని. సాంచాల వాళ్ళందరూ ఆ రికార్డు కింద చప్పట్లు కొట్టారు. నేను కూడా అదే వాదన పట్టుకున్నాను. చెవుల గురించి మాట్లాడే హక్కు సూరత్‌లో మాకు కాకపోతే ఎవరికుంది అని రాశాను. సేల్స్‌మన్ మాత్రం అదే మర్యాదతో, ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినమని రాశాడు.

మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. అవి లాక్కుని పెట్టుకున్నాను. వాయిద్యాలు బాగా దగ్గరగా వచ్చాయి, తబలా నా తలలోనే కొట్టినట్టుంది. గజ్జెల చోటు మాత్రం ముందులాగే ఖాళీ. శబ్దం ఇంకా పెంచాను.

“పప్పా, ఇత్నా ఫుల్ ఎందుకు పెట్టినవ్? బస్ కరో, బయటికి ఇనబడ్తుంది,” అని అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసేసుకుంది.

ఆ వారమంతా నేను మనిషిలా లేను. తిండి తింటూ ఫోన్, నడుస్తూ ఫోన్. ఎవరెవరు ఏమన్నారో చూడటం, జవాబు రాయటం. నాకు బాధ కలిగించింది పాట కోసేయడం కాదు. ఇంతమంది తెలుగువాళ్ళుండి, లేనిదాన్ని ఉందని నమ్మడం. అదొక మోసంలా తోచింది. ఒకడు పాట పెట్టి ఉంది అంటే ఉంది అనేస్తారా, సొంతంగా వినరా అని. ఇన్నేళ్ళుగా నేను చెప్పే తీర్పులకు విలువ ఏమిటో ఈ వారంతో తేలిపోతుందనుకున్నాను. లేవన్న నా మాట నిలబడాలి. అది నిలబడకపోతే ఇక నేను తీర్పు రాసి ప్రయోజనం లేదు.

సెలవు రోజు పొద్దున తీర్పు రాయడానికి కూర్చున్నాను. ఊరికే లేవంటే సరిపోదని, లేవని ఎంతమంది చెప్పారో లెక్క రాసి చూపిద్దామనుకున్నాను. మా ఆవిడ వాకిట్లో చెక్క చట్రం మీద చీర పరుచుకుని స్టోన్లు అంటిస్తోంది. సన్న పుల్ల చివర జిగురు అద్ది, ఒక్కో రాయి ఎత్తి డిజైన్ మీద పెట్టే పని. దుకాణం వాళ్ళు చీరలు ఇంటికే ఇచ్చి పోతారు. ఆమెకు ఫోన్ మీద గాని, మా గ్రూపు మీద గాని ఏ ఆసక్తీ లేదు. అయినా గెలవబోతున్నవాణ్ణి కదా, ఎవరికైనా చెప్పుకోవాలి. గట్టిగా చదివి వినిపించాను. మావైపు పద్నాలుగు మంది, అటువైపు తొమ్మిది మంది. మావైపువాళ్ళ పేర్లన్నీ చదివాను.

ఆమె చీర మీద నుంచి తల ఎత్తకుండానే, “అందరు సాంచాలోళ్లే గదా,” అంది.

“అయితే ఏంది? అనుభవమున్నోళ్లు. అందుకే పట్టుకున్నరు.”

“అటు దిక్కు ఎవరెవరున్నరు?”

చదివాను. సేల్స్‌మన్, కోసాడ్‌లో జాకెట్లు కుట్టే ఆమె, ఆటో నడిపే ఇద్దరు, రంగు మిల్లులో పనిచేసే ఆయన, కూరగాయల బండి ఆయన, కాలేజీ పిల్లలు ముగ్గురు. చదువుతుంటే నా గొంతు తగ్గుతూ వచ్చింది. ఎందుకు తగ్గిందో అప్పుడు నేనే సరిగ్గా పోల్చుకోలేదు.

“అండ్ల ఒక్క సాంచాలాయన లేడు,” అంది.

ఆమె పుల్ల పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఏదీ, పెట్టు. గాంత లొల్లి చేసిన పాట ఏందో నేను కూడ ఇంట.”

పెట్టాను. పల్లవి వింటూ ఆమె మళ్ళీ పుల్ల తీసుకుంది. మొదటి చరణం అయింది. వాయిద్యాలు ఆగాయి. నాకు ఖాళీ మొదలైంది. ఆ ఖాళీలో మా ఆవిడ పుల్ల చివరతో చీర చట్రం అంచు మీద మెల్లగా కొడుతోంది. ఒక్కొక్కటిగా, తప్పకుండా, నడకలాగా. తర్వాత ఆపింది. ఆపిన వెంటనే రెండో చరణం మొదలైంది.

“ఉన్నయి. సన్నగున్నయి గని మంచిగున్నయి,” అంది. “ఎవలో దూరం కెల్లి నడుసుకుంట వచ్చి, దగ్గర్ల నిలబడ్డట్టు.”

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. గ్రూపులో రాయలేదు, మా పెళ్ళైన నాటి నుంచి ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఆమె ఊహించి అనడానికి వీల్లేదు. మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు విన్నాం. నాలుగుసార్లూ ఆమె పుల్ల ఒకే చోట మొదలై ఒకే చోట ఆగింది. నేను ఆమె చేయి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. సిగ్గు పడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం నాకు అలవాటే.

“మరి ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలే?” అని ఆమె మీద అరిచాను.

“ఏం చెప్పాలె? కుక్కర్ కూత ఇనబడ్తలేదా అని అడిగిన. పరాకుల ఉన్న అన్నవ్. పిల్ల మాట్లాడితే గొణుగుడు బంద్ చెయ్యమని పిల్లనే తిట్టినవ్. అది గొణుగుతలేదు. అందరి లెక్కనే మాట్లాడ్తుంది.” ఆమె చీర వైపు తిరిగింది. “జర మెల్లగ మాట్లాడు, నాకు ఇనబడ్తుంది.”

అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయాను. ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చాయి. సాంచా దెబ్బ బరువైన చప్పుడు. అది తప్పితే ఇప్పటికీ పట్టుకుంటాను. ఆ బరువు చప్పుడే ముప్పై నాలుగేళ్ళు చెవిలో పడీపడీ, సన్నవాటిని పట్టే శక్తిని తినేసింది. అది పోయినట్టు కూడా తెలియలేదు. తెలియాలంటే వినపడాలి కదా. పాటలు మోటుగా అయిపోయాయని ఏడెనిమిదేళ్ళు ఊరందరినీ తిట్టాను. పాటలకేం కాలేదు.

ఎవరినైనా తిడితే బాగుండేదనిపించింది. సేఠ్‌ను తిడదామంటే, చెవులకు ఏమైనా పెట్టుకోమని అతను చెప్పని మాట నిజమే. కాని ఒకసారి కొత్తగా పనికి వచ్చినతను చెవుల్లో దూది పెట్టుకుంటే, పెళ్ళికూతురా అని నవ్వినవాళ్ళలో నేనే ముందున్నాను. రెండు రోజుల్లో దూది తీసేశాడు. ఇప్పుడతను మా పద్నాలుగు మందిలో ఒకడు. లేవు అని నాకంటే గట్టిగా రాశాడు.

తీర్పు రాయకుండా తప్పించుకోవచ్చు. ఆరోగ్యం బాగాలేదని రాస్తే అయిపోయేది, వచ్చే వారం ఇంకో పాట, ఇంకో తగువు. కాని అప్పటికే జనం అడుగుతున్నారు, జడ్జి సాబ్, తీర్పేదీ అని. ఒక గంట కూర్చుని, తుడిచి, మళ్ళీ రాసి, చివరికి ఇంతే పంపాను.

“గజ్జెలు ఉన్నయి. మా సాంచాలోళ్లకు ఇనబడ్తలేవు. లేవన్న పద్నాలుగు మంది పేర్లు చూసుకోండ్రి, అందరం సాంచాల మీదోళ్లమే. తప్పు పాటది కాదు, మా చెవులది. పాటకు పదికి పది.”

సేల్స్‌మన్ గెలిచాడు. గెలిచినవాడు ఒక్క మాట అన్నా నాకు బాగుండేది, తిట్టేవాణ్ణి. అతను ఏమీ అనలేదు. సాంచాల వాళ్ళలో ఇద్దరు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు. ఒకాయన, పైసలకు అమ్ముడుపోయినవా అని రాసి, నేను చదివాక తీసేశాడు. పైసలిచ్చి గజ్జెలు ఒప్పించేవాడెవడుంటాడు? కోపంలో మనిషి ఏదైనా రాస్తాడు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు.

మధ్యాహ్నం కోసాడ్ నుంచి దోస్తు ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే ఇద్దరం అరుస్తూనే మాట్లాడుకున్నాం. అరుస్తున్నామని ఆ రోజే మొదటిసారి గమనించాను.

“గింతమంది ముంగట నన్ను చెవిటోన్ని చేసినవ్ తమ్మీ.”

“నన్ను కూడ చేసుకున్ననన్నా.”

“నీది నువ్వు చెప్పుకో. ఎవరొద్దన్నరు? నాది చెప్పనీకి నువ్వెవనివి?”

ఆయనన్నది నిజం. నా గురించి రాస్తే సరిపోయేది. పద్నాలుగు మందిని వెనకేసుకుని గెలుద్దామనుకున్నవాణ్ణి, ఓడిపోయేటప్పుడు కూడా ఒక్కణ్ణే ఓడిపోలేకపోయాను. తప్పయిందన్నా అన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఇంకో సంగతి చెప్పాడు.

“ఇందాక మనుమరాలికి ఆ పాట పెట్టిన. మల్ల మల్ల పెట్టిన. డాన్సు చేసుకుంట ఎగిరింది. పాట ఆగిన కాడ గూడ ఎగురుతనే ఉన్నది. ఆగినప్పుడు ఎందుకు ఎగురుతున్నవే అని అడిగిన. ఆగలే తాతా అన్నది.”

“అవునన్నా.”

“ఇగ ఏం పాటలురా మనకు,” అన్నాడు. అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం గ్రూపులో నా పాత తీర్పులన్నీ వెనక్కి జరుపుకుంటూ చదివాను. చదివే ఓపిక కాదు, నన్ను నేను గిల్లుకోవడం. తీపి లేదు. సన్నపని లేదు. పిల్లనగ్రోవి అన్నారు, ఎక్కడుంది? ఒక్కొక్క వాక్యం చదువుతుంటే చెంప మీద కొట్టినట్టుంది. రెండేళ్ళ కిందటి తీర్పు ఒకటి దగ్గర ఆగిపోయాను. కోసాడ్‌లో జాకెట్లు కుట్టే ఆమెది. ఆ వారం ఆమె సినిమా పాట పెట్టలేదు. వాళ్ళమ్మ నాట్లప్పుడు పాడే పాటను తన గొంతుతో పాడి పంపింది. దానికి నేనిలా రాశాను: గొంతు బాగానే ఉంది గని మాటలు మింగుతున్నవ్ చెల్లె. ప్రతి చరణం చివర ఊపిరి తెగిపోతున్నది. సాధన చెయ్యాలె. పదికి మూడు.

ఆ తర్వాత ఆమె ఒక్క పాట కూడా పంపలేదు. అది కూడా నాకు అప్పుడు తట్టలేదు. ఈ గజ్జెల తగువులో మాత్రం వచ్చి, ఉన్నయి అని ఒక్క మాట రాసి వెళ్ళిపోయింది.

మా ఆవిడను పిలిచి ఆ పాట వినిపించాను. నాకు ఈసారి కూడా మాటలు మింగినట్టే వినపడ్డాయి. చరణం చివర గొంతు టక్కున తెగిపోయింది. మా ఆవిడ చివరిదాకా వింది.

“మాటలు సాఫ్ ఉన్నయి. ఒక్కటి మింగలే,” అంది. “చివర్ల గొంతు ఎంత సన్నగ పైకి పోయిందో. గట్ల పాడుడు అందరికి రాదు.”

నాకు తెగిపోయినట్టు వినపడిన చోటే ఆమె గొంతు పైకి వెళ్ళిందన్నమాట. నేను వెళ్ళలేని చోటికి వెళ్తే, ఊపిరి లేదని రాశాను.

ఆమెకు విడిగా మెసేజ్ పెట్టాను. క్షమాపణ అడగడం నాకు అలవాటు లేని పని, మూడుసార్లు రాసి చెరిపాను. ఆ రోజు తీర్పు తప్పు చెల్లె, నీ పాటల లోపం లేదు, లోపం నా చెవులల్ల ఉన్నది, మా ఇంట్ల ఆమె విని మస్తు మెచ్చుకున్నది అని రాశాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. కుట్టుపనిలో ఉందేమో అనుకున్నాను. కోపం పోలేదేమో అని కూడా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ వేళ జవాబు వచ్చింది. కార్ఖానా గేటు బయటికి వచ్చి చదివాను.

“పర్వాలేదన్నా. నాకు నిజంగనే పాడరాదేమో అనుకుని బంద్ చేసిన. ఇప్పుడు సంతోషమైంది.”

ఆ రెండో మాట దగ్గరే ఆగి, దాన్ని మళ్ళీ చదివాను. రెండేళ్ళు. ఏదో ఒకటి చెయ్యాలి, ఆ రెండేళ్ళు వెనక్కి తేవాలి అనిపించింది. ఆలోచించకుండా గబగబా రాసేశాను.

“మల్ల పాడి పంపు చెల్లె. ఈసారి తలుపు మూసుకుని, మంచిగ మొత్తం ఇంట. మంచి తీర్పు రాస్త.”

ఆమె వెంటనే రాసింది.

“ఎట్ల ఇంటరన్నా?”

అందులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. జవాబుగా ఒక మాట రాసి, చెరిపేశాను. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళి, సాంచాలు నడిపాను.